ఉప్పుపిట్టల తిప్ప మీద రాజుగారి నిద్ర

పడవ ముక్కు ఇసుకను తాకీ తాకకముందే కీర్తిధరుడు ఒడ్డుకు దూకాడు. ఆ తిప్ప మీద అతను చేసిన మొదటి తప్పు అదే.

“కాలెత్తకు” అంది ఒక గొంతు.

కేక కాదది. పక్కనే కూర్చుని చెవిలో చెప్పినట్టుంది. అయినా పది బారల దూరం నుంచి వచ్చింది. అక్కడ తాటాకు గొడుగు కింద ఒక ముసలామె మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. మనిషి ఎండిన మడకర్రలా ఉంది. కళ్ళు మాత్రం తడితడిగా మెరుస్తున్నాయి.

“ఎత్తిన కాలు ఎక్కడ దించాలో నీకు తెలుసేటి బాబూ? తెలీదు గదా. మరైతే ఎత్తకు. ఇసకలో ఈడ్సుకుంటా రా.”

కీర్తిధరుడు గాలిలో ఆగిపోయిన తన కుడికాలి కిందికి చూశాడు. మడమకు బెత్తెడు దూరంలో ఒక గుడ్డు ఉంది. ఇసుక రంగులో, ఇసుక మీద గులకల నీడల్లాంటి చుక్కలతో. దానికి మూరెడు దూరంలో మరొకటి. అక్కణ్ణుంచి చూపు ఆనినంత మేరా గుడ్లూ, వాటి మీద కూర్చున్న తెల్లటి పిట్టలూ. అతని రాకకు పక్కకు జరిగిన నాలుగైదు పిట్టలు నెత్తిన నల్లటి కుచ్చులు నిక్కబొడిచి, పసుపు ముక్కులు తెరిచి అతన్ని తిడుతున్నాయి. రాక్షస గుహల్లో దూరినప్పుడూ సుడిగుండాలు దాటినప్పుడూ ఆగని కాలికి ఇప్పుడు దిగడానికి చోటు దొరకలేదు.

పాదం తరవాత పాదం జరుపుకుంటూ, నడక నేర్చుకుంటున్న పసివాడిలా అతను ముసలామె గొడుగు దగ్గరికి చేరాడు.

అప్పటికి సూర్యుడు రెండు బారలు పైకి లేచాడు. పాటు తీసిన నీరు వెనక్కి జారుతుంటే వెన్నెలమొగ అఖాతం తాను దాచుకున్న సొమ్ములన్నీ ఒక్కొక్కటిగా బయటపెడుతోంది. ఏడు తిప్పలు. సముద్రం మీద ఎవరో వేడివేడి ముద్దలు వడ్డించినట్టు వాటి మీద ఆవిరి లేస్తోంది. మడచెట్లు కమ్ముకున్న పెద్ద తిప్ప మీద గూడబాతులు కొమ్మలు విరిగేంత బరువుగా కూర్చుని, గొంతు సంచులు ఊపుకుంటూ, తీర్పు చెప్పడానికి వచ్చిన పెద్దమనుషుల్లా ఉన్నాయి. తిప్పకూ తిప్పకూ మధ్య తేలిన బురద మీద ఉల్లంకులు వేలకు వేలు పరుగులు తీస్తుంటే, ఆ బురదే పాకుతున్నట్టుంది. ఎర్రకాళ్ళ కొంగలు పాయలో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి తమ నీడలను తామే కాపలా కాస్తున్నాయి. నీటికాకులు రెక్కలు ఆరేసుకున్నాయి. వీటన్నిటి చివర, సముద్రం నోట్లోకి చొచ్చుకుపోయి, చెట్టూ చేమా లేకుండా, ఒట్టి ఇసుకతో పడి ఉన్నది ఈ తిప్ప. దీని మీద ఉప్పుపిట్టలు తప్ప మరో పిట్ట గుడ్డు పెట్టదు. జంటకు ఒక్కటే గుడ్డు. నలభై వేల జంటలు.

ఆ నలభై వేలల్లో ఒక గుడ్డులో కీర్తిధరుడి తండ్రి నిద్ర ఉంది.

ఇరవై రోజుల కిందట తిమిరాంగుడనే మాంత్రికుడు హిరణ్యశిల రాజు విశ్వంభరుడి పడకగదిలోకి పొగలా దూరి, ఆయన కనురెప్పల నడుమ నుంచి నిద్రను దారంలా లాగి, ఉండచుట్టి పట్టుకుపోయాడు. మొదటి మూడు రోజులూ రాజు దాన్ని వేళాకోళంగా తీసుకున్నాడు. రాజ్యం చూసుకోవడానికి మరింత సమయం దొరికిందన్నాడు. పదో రోజున గోడలతో మాట్లాడసాగాడు. పదిహేనో రోజున కన్నకొడుకు ముఖంలోకి చూసి, “నువ్వు ఎవరి అబ్బాయివి నాయనా?” అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఇరవై ఒకటో రోజు పొద్దుగుంకేలోగా నిద్ర పట్టకపోతే ప్రాణం నిలవదని ఆస్థాన వైద్యుడు తేల్చి చెప్పాడు.

ఇవాళ ఇరవయ్యో రోజు. కోటకు తిరిగి చేరాలంటే ఒక రేయీ ఒక పగలూ పడవ సాగాలి. ఈ మధ్యాహ్నానికి గుడ్డు దొరకాలి.

గుడ్డు రహస్యం అతనికి కాకశిల గుహలో రాక్షసి చెప్పింది. నిద్ర మోసే గుడ్డు మీద కూర్చున్న పిట్ట దేనికీ మేలుకోదు. ఆ గుడ్డును తాకినవాడికి నిద్ర ముంచుకొస్తుంది. పిల్ల పెంకు పగలగొట్టుకుని మొదటి కూత కూసినప్పుడు, ఆ కూత ఎవరి చెవిన ముందు పడితే నిద్ర వారి సొంతం. రాక్షసిని విడిచి వస్తుంటే దారిలో ఒక సన్యాసి ఎదురై, జాలిపడి, ఒక శంఖమిచ్చాడు. “దీన్ని ఒక్కసారి ఊదు కుమారా. తిప్ప మీది పిట్టలన్నీ ఒక్క పెట్టున లేస్తాయి. లేవనిదే నీ పిట్ట” అని ఉపాయమూ చెప్పాడు. సులువైన ఉపాయం. అలసిపోయినవాడికి సులువైన ఉపాయాలు నిజంలా కనిపిస్తాయి. కీర్తిధరుడు సన్యాసి ముఖం సరిగా చూడనేలేదు.

“ఏటమ్ముతావు?” అంది ముసలామె అతని భుజాన ఉన్న సంచి చూసి.

“సూదులవ్వా. దబ్బనాలు కూడా ఉన్నాయి.”

ఆమె బొడ్డు దగ్గర నుంచి దారం తీసి ఇచ్చింది. “ఒక సూదికి ఎక్కించు. నా సూపు ఆనదు.”

కీర్తిధరుడు దారాన్ని నాలుకతో తడిపాడు. మొదటిసారి దారం సూది పక్కనుంచి పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి సూది వేలికి గుచ్చుకుంది.

“నాలుగు రోజులై తిరుగుతున్నావేటి సూదులబాబూ, ఈ బేరం మీద?” అంది ఆమె నవ్వకుండానే నవ్వుతూ. “బొటనేలి మీద వింటినారి కాయ ఉన్నాది. సెప్పుల్లేని కాలికి సెప్పు మచ్చ ఉన్నాది. ఆకలేసినోడిలా నేవు గానీ తిండి దిగనోడిలా ఉన్నావు. ఎవులి బిడ్డవు?”

మూడు రాజ్యాల వేగులను బురిడీ కొట్టించిన వేషం ఒక్క సూది బెజ్జంలో ఇరుక్కుపోయింది. కీర్తిధరుడికి కోపం రావలసింది. బదులుగా మనసు తేలికపడింది. ఎవరో ఒకరు తనను ఎవరి బిడ్డవని అడిగి, జవాబు కోసం ఆగి చూడడం ఈ మధ్య జరగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చెప్పి, సంచిలోంచి శంఖం తీసి చూపాడు.

ముసలామె దాన్ని ముట్టుకోలేదు. మూతి దగ్గర విరిగిన చిన్న పెచ్చు వైపు చాలాసేపు చూసింది.

“ఆ పెచ్చు నా పన్ను తగిలి ఇరిగినాది” అంది. “మంచులో దారి తప్పిన పడవల్ని పిలవడానికి ఊదే శంకం. మా నాన్నది. ఆయన పోనాక మా తమ్ముడు గంగులుది. సన్నేసి గాడి ఎడంచెవి తమ్మె చినిగి ఉండాలే?”

కీర్తిధరుడు కళ్ళు మూసుకున్నాడు. చినిగిన తమ్మె గుర్తొచ్చింది. “ఆడే ఇప్పుడు మీ తిమిరాంగుడు. ఈ పోలేరవ్వ తమ్ముడు” అంది ముసలామె. శంఖమిచ్చిన సన్యాసీ, నిద్ర దొంగిలించిన మాంత్రికుడూ ఒక్కడే.

“కానీ అవ్వా, గుడ్డు దాచినవాడే గుడ్డు పట్టుకునే ఉపాయం ఎందుకు చెప్పాడు?”

“ఉపాయం గుడ్డు కోసం గాదు బాబూ. నీ సేత ఊదించడం కోసం.” ఆమె గొడుగు నీడను అతని మీదికి కొంచెం జరిపింది. “ముప్పై ఏళ్ళ కిందట మీ అయ్య ఒచ్చినాడు. అప్పుడు నీ ఈడే. మంచోడే. గుంటలందరికీ బెల్లపచ్చులు పంచినాడు. పిట్టలన్నీ ఒక్కపాలి లెగిస్తే ఎలాగుంటాదో సూడాలని ముచ్చటపడి నగారా కొట్టించినాడు. మిట్టమజ్జానం.”

“లేచాయా?”

“లెగిసినాయి. సముద్రం మజ్జిన తెల్లపువ్వు ఇచ్చుకున్నట్టు.”

ఆ మాట కీర్తిధరుడికి తెలుసు. చిన్నప్పుడు నిద్రపోనని మారాం చేస్తే తండ్రి తలగడ పక్కన కూర్చుని చెప్పే కథ అది. సముద్రం మధ్యలో ఒక తెల్లపువ్వు ఉంది నాన్నా, నగారా కొడితే విచ్చుకుంటుంది, అంత అందమైనది నేను మళ్ళీ చూడలేదు. ఆ పువ్వు పూర్తిగా విచ్చుకునేలోగా ప్రతి రాత్రీ అతనికి నిద్ర పట్టేసేది. కథ ఆ తరవాత ఏమైందో అతనికి తెలియదు. తండ్రికీ తెలియదు.

“మీ అయ్య పడవ ఎనక్కి తిరిగి ఎల్లిపోనాది” అంది పోలేరవ్వ. “పిట్టలు దిగేసరికి గుడ్లు ఎండకి ఉడికిపోనాయి. తెలీక, ఉడికిన గుడ్ల మీదే ఇరవై రోజులు కూకున్నాయి తల్లులు. మరేడేళ్ళు ఈ తిప్పకి రానేదు. పిట్టల రెట్ట పడక నీళ్ళలో పసేటీ నేకుండా పోనాది. సేప రావడం మానీసినాది. గంగులుకి మూడేళ్ళ కూతురు. ఆ కరువులో పోనాది. ఆ సాయంకాలమే ఆడు పడవెక్కి ఎల్లిపోనాడు.”

ఒక ఉప్పుపిట్ట వచ్చి రాకుమారుడి బొటనవేలిని ముక్కుతో పరీక్షగా పొడిచి, పనికిరాదని తేల్చుకుని పోయింది.

“ఆడికి మీ అయ్య సావక్కర్నేదు” అంది పోలేరవ్వ చివరికి. “మీరు మళ్ళీ అదే పని సెయ్యాలి. సేస్తే, ఇన్నేళ్ళూ మోసిన కోపం ఒట్టిది గాదని ఆడికి నమ్మకం. శంకం నీ సేతిలో ఉన్నాది. నాను ముసిల్దాన్ని. లాక్కోలేను.”

తూర్పున సూర్యుడు మరో బెత్తెడు పైకి జరిగాడు. ఒక్క ఊపిరి చాలు. తండ్రి బతుకుతాడు. బతికి, మళ్ళీ ఎవరికో తెల్లపువ్వు కథ చెబుతాడు. కీర్తిధరుడు శంఖాన్ని ఆమె ఒడిలో పెట్టాడు.

“ఇంకో దారి చెప్పు అవ్వా.”

ఆమె ముఖమంతా ముడతలు పడింది. అది నవ్వని అతనికి కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

“తిప్ప ఈడుద్దాం” అంది.

తిప్పలవాళ్ళు ఏటా గుడ్ల నెలలో ఒక పొద్దున తిప్పను ఈడుస్తారు. ఊరి వాళ్ళంతా ఈ చివర వరసగా నిలబడి, కాలెత్తకుండా, ఇసుకలో పాదాలు జరుపుకుంటూ ఆ చివరకు నడుస్తారు. పాదం మెల్లగా జరిగి వస్తే పిట్ట ఎగరదు. బెత్తెడు పక్కకు జరిగి, పాదం దాటగానే మళ్ళీ గుడ్డు మీద కూర్చుంటుంది. జరగని పిట్ట జబ్బుపిట్ట. దాన్ని బుట్టలో తీసుకుపోయి సాకుతారు. ఎండ నెత్తికెక్కేలోగా పని ముగించాలి. ఆ తరవాత బెత్తెడు జరిగినా గుడ్డుకు ముప్పే. ఈ ఏటి ఈడ్పుకు ఇంకా నాలుగు రోజులుంది. పోలేరవ్వ దాన్ని ముందుకు జరిపింది.

ఆమె కేక వెయ్యలేదు. తల మీది ఎర్రపంచె విప్పి గొడుగు కర్రకు కట్టి పైకెత్తింది. పక్క తిప్ప నుంచి దోనెలు బయలుదేరాయి. అరగంటలో అరవై మంది. ప్రతి చేతిలోనూ తాటాకు గొడుగు. ఎవరూ తెడ్డును నీళ్ళమీద కొట్టలేదు. రాజు కొడుకని విన్నాక ముసలివాళ్ళలో ఇద్దరు ముగ్గురు గొడుగులు ముడుచుకుని దోనెల వైపు తిరిగారు. పోలేరవ్వ “ఊదకుండా ఇచ్చీసినాడు” అని వాళ్ళ చేతికి శంఖం ఇచ్చింది. అది చేతులు మారుతూ వరసంతా తిరిగి వచ్చింది. తిరిగినవాళ్ళు మళ్ళీ వచ్చి వరసలో నిలబడ్డారు.

రాకుమారుడి చేతికీ ఒక గొడుగిచ్చి, ముత్యాలు అనే ఆవిడ అతని పక్కన నిలబడింది. నలుగురు పిల్లల తల్లి. నోరు సముద్రమంత.

“రాజుగోరి కొడుకంట. నడక నేర్పాలంట” అంది అటువైపు వాళ్ళతో. “ఒలె, మా చిన్నోడు పదో నెలకే నడిసినాడు. ఈ బాబుకి ఎన్నో నెల?”

“ఇరవై మూడో ఏడు వదినా” అన్నాడు కీర్తిధరుడు.

“ఆలీసమైనాది. మరేటీ పరవానేదు. మోకాలు ఒంచు. గుర్రమెక్కినట్టు గాదు, బురదలో పీతకోసం ఎతుకుతున్నట్టు. ఆఁ. పిట్ట పొడుస్తాది. పొడవనీ. దాని ఇల్లు గదా.”

వరస కదిలింది. కదలడంతోనే అరవై గొంతుల్లోంచి, పెదవులు విప్పకుండా, ఒక సన్నటి రాగం లేచింది. పాట కాదు. మాటలు లేవు. పసివాడు సగం నిద్రలో ఉండగా తల్లి గొంతులో మిగిలే శబ్దం. దాన్ని గొంతుజోల అంటారు. పుట్టకముందు నుంచీ ఈ తిప్ప మీది పిట్టలు వినేది దాన్నే. ముత్యాలు దారిలో వంగి, పెంకు మీద నెర్రె పడిన ఒక గుడ్డును కీర్తిధరుడికి చూపింది. లోపల పిల్ల టిక్కుటిక్కుమంటోంది. ఆమె మొహం దగ్గరగా వంచి జోల తీసింది. టిక్కుటిక్కు ఆగింది.

“ఇంటాది” అంది ముత్యాలు. “పెంకులో ఉన్నా ఇంటాది. ఇన్నంతసేపూ బయటికి రాదు, పండుకుంటాది.”

తిప్ప నాలుగో వంతు గడిచింది. సగం గడిచింది. పిట్టలు జరుగుతున్నాయి, కూర్చుంటున్నాయి. తెల్లటి తివాసీలో చిన్న మడత పడి, అది మెల్లగా ముందుకు పాకుతున్నట్టుంది. కీర్తిధరుడి పాదాలు పొడిపించుకుని పొడిపించుకుని రక్తం చిమ్ముతున్నాయి. జరగని పిట్ట ఒక్కటీ కనిపించలేదు.

అప్పుడు ఇసుక మీద నీడ పడింది.

పడవంత నీడ. కీర్తిధరుడు తలెత్తాడు. సూర్యుడికి అడ్డంగా ఒక కడలిడేగ రెక్కలు చాచి తిరుగుతోంది. ఆ డేగ గోళ్ళు కొడవళ్ళలా ఉన్నాయి. మిగతా డేగలకు లేనిది ఒకటి దీనికి ఉంది. ఎడమ చెవి దగ్గర చినిగిన ఈకల చీలిక.

తిమిరాంగుడు. ఊదమన్న శంఖం ఊదలేదు గనుక, బెదరగొట్టే పని తానే చేయడానికి వచ్చాడు.

తిప్ప అంచున వంద పిట్టలు గబుక్కున లేచాయి. వాటిని చూసి మరో వంద. అరవై గొడుగులు ఒక్కసారి విచ్చుకున్నాయి. ఒక్కొక్కరూ తమ ముందున్న గుడ్ల మీద నీడ పరిచి, కదలకుండా నిలబడ్డారు. జోల హెచ్చలేదు, తగ్గలేదు. లేచిన పిట్టలు గాలిలో అటూ ఇటూ అయి, జోల వినబడుతున్న చోటికే మెల్లగా దిగాయి.

డేగ ఒక చుట్టు చుట్టి, ఈసారి సూటిగా కీర్తిధరుడి మీదికి వాలింది. ఎత్తు తెలుస్తూనే ఉంది. అతను అరవాలి. పరుగెత్తాలి. కనీసం కాలెత్తాలి. అతని అరుపుకు నలభై వేల పిట్టలు లేస్తాయి.

అతను కాలెత్తలేదు. గోళ్ళు ఎడమ భుజంలోకి దిగాయి. ఎముక మీద గీరుకున్న చప్పుడు అతనికే వినబడింది. నడుము దగ్గర సూదుల మధ్య దాచిన బాకు వైపు చెయ్యి పోబోయి ఆగింది. కారుతున్న రక్తం గుడ్ల మీద పడకుండా గొడుగు వంచి దాని మీద పట్టాడు. గొంతులో జోల తీస్తూనే ఉన్నాడు. ఆశ్చర్యంగా, భయం వెయ్యలేదు. నొప్పి దూరంగా, ఎవరికో వేసినట్టుంది. మనసంతా మెత్తగా, నిబ్బరంగా అయింది. ఇదేనా ధైర్యమంటే, ఇంత సుఖంగా ఉంటుందా అనుకున్నాడు.

డేగ పట్టు సడలింది. అది అతని ముఖంలోకి చూడడం లేదు. తల ఒకవైపుకు వంచి, వరస చివరనున్న పోలేరవ్వ గొంతు వైపు చెవిపెట్టి వింటోంది. తరవాత ఒక్క ఊపున పైకి లేచి సముద్రం మీదికి పోయింది.

“నడు బాబూ” అంది ముత్యాలు. ఆమె గొంతులో వేళాకోళం లేదు. “పొద్దెక్కిపోతంది.”

నడిచారు. అవతలి అంచున నీళ్ళు పాదాలకు తగిలాయి. జరగని పిట్ట దొరకలేదు. నీడలు కాళ్ళకిందికి వచ్చేశాయి. మరో చాలు ఈడ్వడానికి వీల్లేదు. అరవై మందీ నీళ్ళలో నిలబడి రాకుమారుడి ముఖం చూడలేక గొడుగులు చూసుకుంటున్నారు. ముత్యాలు తన కొంగు చింపి అతని భుజానికి కట్టు కడుతోంది.

“డేగ గోరు ఇంత దిగితే మా మావ ఊరంతా ఇనబడేలా ఏడిసీవోడు” అంది. “మీరు కళ్ళు మూసుకుని నవ్వుతన్నారు. ఏటి మీ గుండె?”

కీర్తిధరుడు ఆమె వైపు చూశాడు. కళ్ళు మూసుకున్నానా?

పాదాలు చూసుకున్నాడు. ఎన్ని పోట్లు. ప్రతి అడుగుకూ ఒక పోటు. డేగ మీద పడినప్పుడు అతను ఒకేచోట అంతసేపు నిలబడ్డాడు. అక్కడ ఒక్క పిట్టా పొడవలేదు. కాలికి ఏదో వెచ్చగా, మెత్తగా ఆనుకుని ఉండింది. నొప్పి దూరమైంది. మనసు మెత్తబడింది.

“వదినా, అది గుండె కాదు” అన్నాడు. “నిద్ర. నేను ధైర్యమనుకున్నది నిద్ర.”

ఒక్కడే వెనక్కి జరిగాడు, తన పాదాల చాలులోనే, గొడుగు మీంచి జారి ఇసుకలో పడిన నాలుగు రక్తపు చుక్కల దాకా. అక్కడ ఒక ఉప్పుపిట్ట రెక్కలోకి తల దూర్చుకుని, కుచ్చు గాలికి ఊగుతుండగా, ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంది. ముక్కు చివర చిన్న బుడగ. అతను దాని కిందికి వేలు పోనిచ్చాడు. చెయ్యి మొద్దుబారింది. కళ్ళ ముందు తెల్లపువ్వు ఒకటి విచ్చుకోసాగింది.

“అదిగో పడిపోతన్నాడు” అంటూ ముత్యాలు అతని జుట్టు పట్టుకుని లాగింది. పోలేరవ్వ పిట్టనూ గుడ్డునూ, కింది ఇసుకతో సహా, చేతుల్లోకి ఎత్తకుండా చేటతో తోడి బుట్టలో పెట్టింది. పెట్టి, తానూ ఒక ఆవలింత తీసింది.

“పెంకు మీద నెర్రె పడ్డాది” అంది. “రేపు సాయంకాలం దాకా ఆగాలంటే జోల ఆపకూడదు. జోల తియ్యాలంటే నువ్వు పండుకోకూడదు. సూదులున్నాయి గదా. కునుకొస్తే తొడ మీద గుచ్చుకో. ఇన్నాళ్ళకి నీ బేరం అక్కరకొచ్చినాది.”

కీర్తిధరుడు వంగి ఆమె పాదాలు తాకబోయాడు. ఆమె అతని గడ్డం పట్టుకుని ఆపింది.

“రెండు మాటలు సెప్తాను. మీ అయ్య పండుకుని లెగిసినాక, ఈ పిట్టనీ పిల్లనీ తెచ్చి ఇక్కడే ఒదులు. తోడు మీ అయ్యనీ తీసుకురా. సెప్పుల్లేకుండా. రెండోది.” ఆమె సముద్రం వైపు చూసింది. “గంగులుని సంపకు బాబూ. ఆడికి తల్లి నేదు. ఈ జోలతోటి నానే పండబెట్టేదాన్ని. కూతురు పోనాక ఆడు కన్ను మూసినట్టు నాకు తెలీదు.”

పోటు మొదలైంది. తెరచాప గాలి పట్టింది. పిట్టల తిప్ప వెనక్కి జరిగి, తెల్లటి గీతయి, మెరుపయి, మాయమైంది. కీర్తిధరుడు ఒక చేత్తో చుక్కాని పట్టుకున్నాడు, మరో చేత్తో సూది. బుట్టను కాళ్ళ మధ్య పెట్టుకుని గొంతుజోల అందుకున్నాడు. ఒక్కో కునుకుకు ఒక్కో పోటు. పొద్దు వాలేసరికి తొడ మీద పంచె ఎర్రటి చుక్కల చీరలా అయింది. గొంతు ఎండిపోయింది. ఇంకా ముప్పాతిక దారి ఉంది.

అప్పుడు పడవ ముందుకు ఒరిగింది. బరువైనదేదో వచ్చి ముక్కు మీద వాలింది.

కడలిడేగ. రెక్కలు ముడుచుకుని, కొడవలి గోళ్ళతో పలకను పట్టుకుని, అతనికి ఎదురుగా కూర్చుంది. కళ్ళు ఎర్రగా, రెప్పలంటూ లేనట్టు ఉన్నాయి. ఆ చూపు కీర్తిధరుడికి కొత్త కాదు. ఇల్లు విడిచేదాకా తండ్రి ముఖంలో రోజూ చూశాడు.

బుట్టలో టిక్కుమంది. పెంకు మీది నెర్రె వేలెడు పొడవు సాగింది. డేగ తల ఒకవైపుకు వంచింది. మొదటి కూత కోసం చెవి రిక్కించింది. ఆ కూత దాని చెవిన పడితే రాజు నిద్ర దానిదే.

కీర్తిధరుడి చెయ్యి బాకు మీదికి పోయింది. బాకు తియ్యాలంటే సూది వదలాలి. సూది వదిలితే నిద్ర. అతను బాకు వదిలేశాడు. సూదిని ఎముక తగిలేదాకా దించి జోల పెంచాడు. టిక్కుటిక్కు తగ్గింది. కానీ గొంతు తెగిపోతోంది. ఒక్క గుటక మింగడానికి అతను ఆగాలి. ఆ ఒక్క గుటక సేపు జోల ఉండదు.

ఇంక పట్టలేక ఆగాడు.

జోల ఆగలేదు.

పడవ ముక్కు మీద నుంచి, వంకర ముక్కు విప్పకుండా, బొంగురుగా, మధ్యమధ్య తప్పుతూ, ముప్పై ఏళ్ళుగా వాడని గొంతులోంచి అదే రాగం వస్తోంది. బుట్టలో పిల్ల సద్దుమణిగింది. తన జోలకు తానే సోలిపోతూ, డేగ కళ్ళ మీదికి, ఎక్కణ్ణుంచో, రెప్పలు దిగుతున్నాయి. అవి పూర్తిగా మూతపడేలోగా తాను గుటక మింగి రాగం అందుకోవాలి. కీర్తిధరుడు నీళ్ళకుండ వైపు చెయ్యి చాచాడు.